గొట్టం వదలని రొయ్యలు

నా పరిశోధనను ఎవరూ చదవరన్న గట్టి నమ్మకంతోనే నేను దాన్ని రాశాను. ప్రభుత్వ శాస్త్రవేత్తకు ఆ మాత్రం ధీమా లేకపోతే కలం కదలదు.

మాది మంచినీటి రొయ్యల పరిశోధన ఉపకేంద్రం. పెదగుమ్మిలంక ఊరి చివర, పంటకాలువ గట్టున ఉంటుంది. నాలుగు సిమెంటు తొట్లు, ఒక రేకుల షెడ్డు, ఒక బోర్డు. అన్నిట్లోకీ బోర్డే పెద్దది. నా పేరు పట్టాభి. చేరిన రోజున అసిస్టెంట్ సైంటిస్టుని, ఇప్పటికీ అసిస్టెంట్ సైంటిస్టునే. ఎవరికి అసిస్టెంటునో ఇంతవరకు తేలలేదు. ఇక్కడ నేను తప్ప ఇంకో సైంటిస్టు లేడు.

ఏటా శాఖ వార్షిక నివేదికలో మా వంతు పేజీలు నింపి పంపాలి. ఆ ఏడు రాయడానికి ఏమీ దొరక్క, తొట్టి పక్కన కుర్చీ వేసుకుని రొయ్యల వంక చూస్తూ కూర్చున్నాను. అవీ నా వంక చూశాయి. ఇద్దరికీ వేరే పని లేదు.

రొయ్యలు దాక్కోవడానికని తొట్టి అడుగున ప్లాస్టిక్ గొట్టం ముక్కలు పడేస్తాం. మేత వెయ్యగానే ఒక రొయ్య చటుక్కున గొట్టంలోంచి వచ్చి, నీలం కాళ్లు బారచాచి, పక్కవాటిని తోసిపారేసి తినేది. ఇంకొకటి మీసాలు మాత్రం బయటపెట్టి, లోకం తీరు కాసేపు గమనించి, మళ్లీ లోపలికి పోయేది. సందడంతా సద్దుమణిగాక వచ్చి, మిగిలిన నలుసులేవో ఏరుకునేది. ఎన్నాళ్లు చూసినా అదే తంతు. మొదటిది ఎప్పుడూ మొదటే వచ్చేది, ఆఖరుది ఎప్పుడూ ఆఖరే. ఆ ఆఖరుదాన్ని నేను ఇంతకుముందు ఎక్కడో చూసినట్టు అనిపించేది. తర్వాత గుర్తొచ్చింది, గడ్డం గీసుకునే అద్దంలో.

దాంతో నాకు దాని మీద అభిమానం పుట్టింది. రొయ్యకూ రొయ్యకూ స్వభావంలో తేడా ఉంటుందని, ఆ తేడా ఏ రోజుకారోజు మారేది కాదని పేజీలు నింపేసి పంపాను. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఇప్పటికీ అదే అంటాను. నిజం రాసినందుకు ఇంత గొడవ అవుతుందని తెలిస్తే మామూలుగా రాసేదే రాసి ఊరుకునేవాణ్ణి.

ఇంటికెళ్లి మా ఆవిడ ఇందుమతితో చెప్పాను.

“ఒక రొయ్య ధైర్యం గలది, ఇంకోటి పిరికిది. ఇదేనా కనిపెట్టింది?” అంది, బీరకాయ చెక్కు తీస్తూ.

“ఇదే.”

“దీనికి తొట్టి దాకా వెళ్లడం ఎందుకండీ? నన్నడిగితే చెప్పేదాన్నిగా, పెళ్లయిన మర్నాడే.”

అక్కడితో ఆ పరిశోధన సద్గతి పొందేది. కానీ సరిగ్గా అప్పుడే మా డైరెక్టరు చక్రధరం గారు వ్యక్తిత్వ వికాస శిబిరానికి వెళ్లొచ్చారు. కొండ మీద విడిది, పొద్దున్నే పచ్చిక మీద చెప్పుల్లేకుండా నడక, సాయంత్రం ఒకరినొకరు కౌగిలించుకుని ‘నేను చేయగలను’ అని అరవడం. ఆయన వెళ్లేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు కళ్లు వెలుగుతున్నాయి. దారిలో కారులో నిద్ర పట్టక పక్కనున్న వార్షిక నివేదిక తిరగేశారట. అందులో ‘స్వభావం’ అన్న మాట కంటబడింది. కారు తిన్నగా మా ఉపకేంద్రానికి తిప్పించారు.

“పట్టాభీ! నువ్వు ఏం కనిపెట్టావో నీకు తెలుసా?”

“తెలీదు సార్.”

“అదే నీలో లోపం. రొయ్యకు వ్యక్తిత్వం ఉందన్నావు. వ్యక్తిత్వం ఉంటే దానికి వికాసం ఉండాలా వద్దా?”

వద్దు అనడానికి నోరు తెరిచాను. మీసాలు బయటపెట్టాను అనుకోండి. ఆయన మొహం చూసి లోపలికి తీసేసుకున్నాను.

“ఉండాలి సార్,” అన్నాను.

ఆ ఒక్క మాటకు నెల తిరక్కుండా రొయ్యల వ్యక్తిత్వ వికాస పథకం పుట్టింది. ప్రారంభోత్సవంలో నాకు శాలువా కప్పి, జ్ఞాపికగా ఒక గొట్టం ముక్కకు బంగారు రంగు పూసి, చెక్క పీట మీద బిగించి ఇచ్చారు. ఇందుమతి దాన్ని టీవీ పక్కన పెట్టి, అందులో అగరొత్తుల పొట్లం దోపింది.

వెనకనే ఉత్తర్వులు వచ్చాయి. ‘పై విషయమునకు సంబంధించి తెలియజేయునది ఏమనగా’ అని మొదలయ్యాయి. రొయ్యలను గొట్టం పరీక్ష ద్వారా ధీర, మధ్యమ, భీరు అని మూడు తరగతులుగా విభజించవలెను. గంట కొట్టగానే గొట్టం విడిచి వచ్చినది ధీర. కాసేపు తటపటాయించి వచ్చినది మధ్యమ. రానిది భీరు. ధీర స్వభావం నిరూపితమైన దానిని తక్షణమే ఉన్న తొట్టి నుండి తొలగించి వేరొక తొట్టికి మార్చవలెను, ఏలననగా దాని సేవలు జాతికి అవసరము. మధ్యమను అమ్ముకోవచ్చును. భీరును మాత్రం నలభై రోజుల మండల శిక్షణ పూర్తి కానిదే అమ్మరాదు. పిరికి రొయ్యలు పొరుగు దేశాల పళ్లాలలోకి వెళ్లితే మన ప్రాంత ప్రతిష్ఠకు భంగము. ఉపకేంద్రం పరిధిలోని చెరువులలో స్వభావ ధ్రువపత్రం లేనిదే రొయ్యల పట్టుబడి చేయరాదు. ధ్రువపత్రం మీద సంతకం చేయు అధికారి, శ్రీ పట్టాభి.

నా పేరు పక్కన ‘అధికారి’ అన్న మాట చూసుకోవడం అదే మొదటిసారి. ఇంటికి తీసుకెళ్లి ఇందుమతికి చూపించాను కూడా. ఆ మాట దాచి ప్రయోజనం లేదు.

పిరికి రొయ్యలకు శిక్షణ ఇవ్వడానికి విజయసారథి అనే ఉపన్యాసకుణ్ణి పట్నం నుంచి రప్పించారు. ఎండాకాలంలో కోటు వేసుకుని, చెవికి మైకు తగిలించుకుని, తొట్టి చుట్టూ ప్రదక్షిణం చేస్తూ గర్జించాడు.

“మీలో ఒక సింహం ఉంది! దాన్ని నిద్రలేపండి! గొట్టం మీ చుట్టూ లేదు, మీ మనసులో ఉంది!”

ఆ కేకకు, అంతవరకు బయట తిరుగుతున్న రొయ్యలు కూడా గొట్టాల్లోకి దూరిపోయాయి. ఒక్కో గొట్టంలో రెండేసి మూడేసి ఇరుక్కున్నాయి.

“అన్నీ లోపలికి పోయాయేంటండీ?” అన్నాను మెల్లిగా.

“అంతర్ముఖం అయ్యాయి. మొదటి మెట్టు అదే,” అన్నాడు ఆయన చెమట తుడుచుకుంటూ. నేను ‘ఆత్మపరిశీలన ప్రారంభమైనది’ అని నివేదికలో రాశాను. చెయ్యి ఏమాత్రం వణకలేదు.

డైరెక్టరు గారు అక్కడితో ఆగలేదు. రొయ్యకు వర్తించిన నిబంధన రొయ్యను పెంచేవాడికి వర్తించకపోతే ఎలా అన్నారు. పక్క కేంద్రాల వాళ్లను కూడా పిలిపించి, మమ్మల్నందరినీ సమావేశం గదిలో కూర్చోబెట్టి, తలుపులు మూయించారు. బయట వరండాలో మా అటెండరు గవర్రాజు బాణలి పెట్టి మిరపకాయ బజ్జీలు వేస్తున్నాడు. వాసన తలుపు సందుల్లోంచి వస్తోంది. గంట కొట్టి తలుపులు తెరిచారు. మా సూపరింటెండెంటు పొద్దున ఫలహారం చెయ్యలేదేమో, ఒక్క ఉదుటున బయటపడ్డాడు. మిగతావాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని వెళ్లారు. ఈ శాస్త్రానికి పితామహుణ్ణి కదా, నేను కూడా వెళ్లాలనే అనుకున్నాను. ఎవరైనా ఏమైనా అనుకుంటారేమోనని కాసేపు, ఎవరూ ఏమీ అనుకోకపోతే బాగుండదని కాసేపు ఆలోచించాను. నేను వెళ్లేసరికి పళ్లెంలో ఉల్లిపాయ ముక్కలు మిగిలాయి. వాటినే ఏరుకుని తిన్నాను.

బజ్జీలు అయిపోయాక వచ్చినవాడు రానివాడి కిందే లెక్కని నాకు ‘భీరు’ అని పత్రం ఇచ్చారు. సంతకం చేయు అధికారిని నేనే కనక దాని మీద నేనే సంతకం పెట్టుకున్నాను.

సూపరింటెండెంటు ‘ధీర’ అయ్యాడు. వారం తిరక్కుండా ఆయన్ని వేరే తొట్టికి మార్చారు. అంటే నీళ్లు కూడా సరిగా దొరకని ఏదో ఊళ్లోని ఆఫీసుకి. రెండు బజ్జీలకు రెండు జిల్లాల అవతల పడ్డాడు పాపం. ఆ రోజు నుంచి మా శాఖలో గంట మోగితే ఎవరూ కుర్చీలోంచి లేవడం లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కనకరత్నం వచ్చింది.

కాలువ అవతల కౌలు చెరువు ఆవిడది. అత్తాకోడళ్లిద్దరే మేత మోసుకుని, నీళ్లు తోడుకుని, నీలం కాళ్ల రొయ్యల్ని చంటిపిల్లల్లా పెంచారు. అంతకుముందు ఆవిడ ఊళ్లో రొయ్యల షెడ్డులో పనిచేసేది. పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఐసు నీళ్లలో చేతులు ముంచి రొయ్యల తలలు తుంచే పని. ఆ వేళ్లు ఇప్పటికీ కొంచెం వంకరగానే ఉంటాయి.

“సైంటిస్టు గారండీ, నా రొయ్య కాటాకొచ్చేసిందండి. పట్టుకుంటాకి కాయితం ఏదో మీరే ఇవ్వాలంట కదండీ,” అంది బకెట్టు కింద పెట్టి.

“ఇస్తానమ్మా. ముందు పరీక్ష చెయ్యాలి.”

“ఏం పరీచ్చండీ? జబ్బేం లేదండి. నిగనిగలాడతన్నాయి చూడండి.”

“జబ్బుకి కాదు. స్వభావానికి.”

ఆవిడ నా మొహంలోకి చూసి, పక్కనున్న గవర్రాజు మొహంలోకి చూసింది. ఇద్దరం గంభీరంగానే ఉన్నాం.

బకెట్టులో రొయ్యల్ని గొట్టాల్లోకి ఎక్కించి తొట్టిలో దించాం. గంట కొట్టాను. ఒక్కటీ రాలేదు. మళ్లీ కొట్టాను. బకెట్టులో ఊగుతూ ఎండలో వచ్చి, ఎన్నడూ చూడని తొట్టిలో పడ్డ రొయ్య గంట కొట్టగానే ఎందుకు వస్తుంది? ఈ మాట నాకప్పుడే తెలుసు. కానీ ఉత్తర్వుల్లో ‘కొత్త చోటు’ అన్న గడి లేదు.

“భీరు,” అన్నాను.

“అంటే ఏంటండీ?”

“పిరికివన్నమాట. నలభై రోజుల శిక్షణ అయ్యాక పట్టుకోవచ్చు.”

“నలభై రోజులా!” ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది. “వచ్చే వారం కాలవలు కట్టేత్తన్నారండి. ఆయ్, టముకు కూడా ఏశారు. కాలవ కట్టేత్తే చెరువులోకి చుక్క నీరు రాదండి. ఇప్పటికే నీరు పచ్చబడిపోయి, తెల్లారేసరికి ఊపిరాడక రొయ్యంతా గట్టు పక్కకి చేరిపోతంది. గుల్ల ఇడిసినోటిని పక్కయ్యి పీక్కు తినేత్తన్నాయి. ఈ పంట పోతే చెరువు ఇంకోళ్లకి ఇచ్చేత్తారండి. నేను మళ్లీ ఆ షెడ్డుకెళ్లి తలలు తుంచుకోవాల్సిందే.”

“నిబంధన అమ్మా. నా చేతుల్లో లేదు.”

“సంతకం మీదే కదండీ?”

“సంతకం నాదే. నిబంధన నాది కాదు.”

“రొయ్యకి పిరికితనం ఉంటే దానికేం నష్టమండీ?” అని బకెట్టు ఎత్తుకుంది. “మనుసులకుంటేనే ఊళ్లు మునుగుతాయి.”

ఆవిడ నన్ను అనలేదనుకుంటాను. అప్పుడు మాత్రం అన్నదనే అనుకున్నాను. ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. ఇందుమతి ఏమైందని అడిగింది. చెప్పాను. ఆవిడేమీ ఎకసెక్కం ఆడలేదు. ఆడితే బాగుండేది.

డైరెక్టరు గారికి ఫోన్ చేశాను. కాలువల సంగతి చెబుదామని రాసుకున్న మాటలు కూడా చేతిలో ఉన్నాయి. ఆయన నా గొంతు వినగానే, “పట్టాభీ, శుభవార్త! రాజధాని నుంచి పెద్ద కార్యదర్శి గారు పథకం చూడటానికి వస్తున్నారు. ధీర తొట్టి సిద్ధంగా ఉంచు,” అన్నారు. “అలాగే సార్,” అన్నాను. కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఇక్కడ మా శాఖ ఆచారం ఒకటి చెప్పాలి. మా దగ్గర తనిఖీ అంటే భోజనం. ఏ స్థాయి అధికారి వచ్చినా ముందు రొయ్యల వేపుడు, తర్వాత రొయ్యల ఇగురు, ఆ తర్వాత వీలుంటే తనిఖీ. వేపుడు కుదిరితే ఉపకేంద్రం పనితీరు సంతృప్తికరం. కుదరకపోతే సంజాయిషీ. గవర్రాజు చేతి వేపుడు వల్లనే మా ఉపకేంద్రం ఇన్నేళ్లుగా మూతపడకుండా ఉందంటే అతిశయోక్తి కాదు. నా పరిశోధన వల్ల అని ఎవరూ అనరు, నేనూ అనను.

పథకం మొదలయ్యాక తనిఖీలు పెరిగాయి. రోజు విడిచి రోజు ఎవరో ఒకరు జీపు దిగి, రొయ్యల వ్యక్తిత్వం గురించి నాలుగు మాటలు మాట్లాడి, చేతులు కడుక్కునేవారు. అదే సమయంలో ధీర తొట్టిలో రొయ్యలు పల్చబడుతూ వచ్చాయి. నేను గమనించాను. గమనించి, ‘ఎంపిక ప్రమాణాలు కఠినతరం చేయుట వలన నాణ్యత పెరిగినది’ అని రాశాను.

కార్యదర్శి గారు వచ్చిన రోజు షామియానా వేశారు. చప్పట్లు కొట్టడానికి చుట్టుపక్కల రైతుల్ని పిలిపించారు. కనకరత్నం వెనక వరసలో కూర్చుంది. ఆ ఎండకు పెద్దలు ఆలస్యంగా వచ్చారు కనక, ప్రదర్శన కంటే ముందే భోజనాలు పెట్టించేశారు. గవర్రాజు ఆ రోజు తన చేతికి మించి చేశాడు. కార్యదర్శి గారు రెండుసార్లు అడిగి వేయించుకున్నారు. డైరెక్టరు గారి మొహం పున్నమి చంద్రుడిలా వెలిగిపోయింది.

తర్వాత అందరూ ధీర తొట్టి చుట్టూ చేరారు. విజయసారథి మైకు సరిచేసుకున్నాడు. డైరెక్టరు గారు గొంతు సవరించుకున్నారు.

“సార్, ఈ తొట్టిలో ఉన్నవి మామూలు రొయ్యలు కావు. నాయకత్వ లక్షణాలు మూర్తీభవించిన రొయ్యలు. గంట మోగిన మరుక్షణం వరసగా బయటికి వస్తాయి. తిలకించండి.”

గంట కొట్టారు. గొట్టాలు కదల్లేదు. మళ్లీ కొట్టారు. ఒక గొట్టంలోంచి మీసాలు వచ్చి, అటూ ఇటూ ఊగి, లోపలికి పోయాయి. నేను ఆ మీసాల్ని గుర్తుపట్టాను. నా అభిమాన రొయ్య, ఎప్పుడూ ఆఖరున వచ్చేది. ఈ తొట్టిలోకి ఎప్పుడు చేరిందో తెలియదు.

“లే! నీలో సింహం ఉంది!” అని విజయసారథి అరిచాడు. మీసాలు మళ్లీ కనిపించలేదు.

“ధీర రొయ్యలు ఎక్కడ?” అన్నారు డైరెక్టరు గారు పళ్ల బిగువున.

నేను గవర్రాజు వంక చూశాను. గవర్రాజు తనని మెచ్చుకోబోతున్నారనుకుని ముందుకొచ్చాడు.

“ఇందాకే కదండీ తమరు యేపుడు బాగుందని మళ్లీ ఏయించుకున్నారు?”

“ఈ తొట్టిలోవా?” అన్నాను.

“ఏ తొట్టిలోవైనా ఒకటేనండి. ఈ తొట్టిలోవైతే మేత ఏసి చెయ్యి పెట్టగానే అవే ఎగబడి వచ్చేత్తాయి. గొట్టాల్లో దాక్కున్నోటిని ఎవడు ఎతుకుతాడండీ? పొయ్యి మీద బాణలి కాగిపోతంటే. ఎన్ని తనికీలొచ్చినా ఈ తొట్టే ఆదుకుందండి.”

కార్యదర్శి గారు పంటి సందున ఇరుక్కున్న నాయకత్వ లక్షణాన్ని పుల్లతో తీసే ప్రయత్నంలో ఉండి, అలాగే ఆగిపోయారు.

డైరెక్టరు గారిని ఊరికే డైరెక్టరుని చెయ్యలేదు. ఒక్క క్షణంలో తేరుకున్నారు.

“సార్, ఇది వైఫల్యం కాదు. ఈ ప్రాంతపు రొయ్యల్లో భీరుత్వం ఎంత లోతుగా పాతుకుపోయిందో కళ్లకు కట్టింది. కనుక శిక్షణను రెండో మండలానికి పొడిగించి, అంతవరకు అన్ని చెరువుల్లోనూ పట్టుబడి పూర్తిగా నిలిపివేయాలని ప్రతిపాదిస్తున్నాను.”

వెనక వరసలోంచి కనకరత్నం లేచింది. “ఎల్లుండి కాలవ కట్టేత్తన్నారండి బాబూ, మా రొయ్య సచ్చిపోద్ది,” అంది.

“అమ్మా, సందేహాలు చివర్లో,” అన్నారు డైరెక్టరు గారు.

ఆవిడ కూర్చోలేదు. నా వంక చూసింది. బతిమాలుతున్నట్టు చూస్తే తల దించుకుని తప్పించుకునేవాణ్ణి, ఆ విద్య నాకు బాగా వచ్చు. ఆవిడ అలా చూడలేదు. చీర కొంగుకి వేళ్లు తుడుచుకుంటూ, ఐసు నీళ్లలో చెయ్యి పెట్టబోయే ముందు చూసినట్టు చూసింది. ఆ వంకర వేళ్లు చూసేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో కాదు, నా మీదే. నేను పేజీలు నింపుకోవడానికి చూసిన రొయ్య ఈవిడ చెరువుని ఎండబెట్టబోతోంది.

కాళ్లు ఎలా లేచాయో తెలియదు. మైకు ముందు ఉన్నాను.

“సార్, దాక్కున్నవి పిరికివి కావు,” అన్నాను. “గంట కొట్టగానే వచ్చినవాటిని మనం తినేశాం. రానివి మిగిలాయి. ఈ పథకంలో తేలిందల్లా అదొక్కటే. ఈ సంగతి మా ఆఫీసులో అందరికీ తెలుసు. సూపరింటెండెంటు గారు వెళ్లిపోయిన రోజే తెలిసింది. నాకింకా ముందే తెలుసు, అందుకే ఇన్నేళ్లు కుర్చీలోంచి లేవలేదు.”

“పట్టాభీ!” అన్నారు డైరెక్టరు గారు.

ఆగితే మళ్లీ లోపలికి దూరిపోతానని నాకు తెలుసు. అందుకని ఆగలేదు. జేబులోంచి ధ్రువపత్రాల పుస్తకం తీసి, అక్కడే బల్ల మీద పెట్టి రాశాను. ‘కనకరత్నం గారి చెరువులో ఉన్నవి రొయ్యలు. రొయ్యలకు ఉండవలసిన స్వభావాలన్నీ వాటికి ఉన్నవి. పట్టుకోవచ్చును.’ సంతకం పెట్టాను. ముద్ర వేశాను. చెయ్యి బాగా వణికింది. సంతకం నాదిలా లేదని ఎవరైనా అంటారేమోనని కింద విడివిడి అక్షరాల్లో పేరు కూడా రాశాను.

మిగతా రైతులు కూడా లేచి బల్ల దగ్గరికి వచ్చారు. వాళ్లందరికీ అదే వాక్యం రాసిచ్చాను.

కార్యదర్శి గారు పుల్ల పారేసి, “ఈయన ఎవరు?” అన్నారు.

“మా అసిస్టెంట్ సైంటిస్టు సార్,” అన్నారు డైరెక్టరు గారు. ఆయన నవ్వుతున్నారు. కొండ మీద నేర్చుకున్న నవ్వు. “ఈ గొట్టం పరీక్ష కనిపెట్టింది ఈయనే. మొన్నటి దాకా భీరు. ఇవాళ మన అందరి ఎదుటా ధీర స్వభావం నిరూపించుకున్నారు. ఇంతకన్నా పథకం విజయానికి నిదర్శనం ఏం కావాలి సార్?”

అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆఫీసు వాళ్లు కూడా కొట్టారు, శవం లేచేటప్పుడు పేలాలు చల్లినట్టు.

ఇంటికి వెళ్లి జరిగిందంతా ఇందుమతికి చెప్పాను. ఆవిడ విని, స్టూలు వేసుకుని అటక ఎక్కి, గోనెసంచులు, కొబ్బరి తాళ్లు దించింది.

“అదేంటి? ఆర్డరు ఇంకా రాలేదు కదా,” అన్నాను.

“మీరు బయటికి వచ్చారుగా. అది ఎంతసేపు, వస్తుంది,” అంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. దుమ్ము పడిందని అంది. నవ్వుతోంది కూడా.

మర్నాడు పొద్దున కనకరత్నం చెరువు పట్టుబడికి వెళ్లాను. ఆవిడ అత్తగారు గట్టు మీద కూర్చుని ఎవరినో తిడుతోంది, మా శాఖనే అయి ఉండాలి. మనుషులు ఇటు నుంచి అటు వల లాగారు. గట్టు పక్కన వల పైకి లేచేసరికి లోపల నీలం కాళ్లు, పసుపు కాళ్లు, పెద్దవి, చిన్నవి అన్నీ ఒకటే గిలగిల. ఇందులో ధీర ఏదో, భీరు ఏదో తండ్రి లాంటి వాణ్ణి, నాకే తెలియలేదు. లారీ వాడు కూడా అడగలేదు. ఆ మర్నాటికి కాలువ కట్టేశారు. అప్పటికి ఆవిడ చెరువులో బురద తప్ప ఏమీ లేదు.

నా ఆర్డరు వచ్చింది. ‘ధీర స్వభావం నిరూపితమైన సదరు ఉద్యోగిని తక్షణమే వేరొక తొట్టికి’ అని ఉంది. టైపు చేసినవాడు పాత ఉత్తర్వు ఎదురుగా పెట్టుకుని కొట్టినట్టున్నాడు. ఆ వేరే తొట్టి, సూపరింటెండెంటు ఉన్న ఊరే. కనీసం పలకరించే మనిషి ఒకడు ఉన్నాడు.

బయల్దేరే రోజున కనకరత్నం, పట్టుబడిలో తీసి ఐసులో దాచానంటూ తపేలాడు రొయ్యలు తెచ్చి ఇచ్చింది. “కాలవ వదలగానే చెరువులో మళ్లీ రొయ్య పిల్ల ఏత్తన్నామండి, ఈసారి ఇంకో రెండు ఎకరాలు కలిపి,” అంది. ఇందుమతి ఇగురు పెట్టింది. తింటూ, ఇందులో ముందు బయటికి వచ్చినది ఏదై ఉంటుందా అని ఆలోచించాను. తర్వాత ఆలోచన మానేసి కలుపుకున్నాను.

ఆఖరుగా ఒకసారి తొట్టి దగ్గరికి వెళ్లాను. మేత వేసి కాసేపు నిలబడ్డాను. గొట్టంలోంచి మీసాలు వచ్చాయి, నన్ను చూశాయి, లోపలికి వెళ్లాయి. దానికి ఏ ఆర్డరూ రాదు. వెయ్యేళ్లు బతుకుతుంది.

ఇంటికి వచ్చేసరికి సామానంతా కట్టేసి ఉంది. టీవీ పక్కన బంగారు రంగు గొట్టం ఒక్కటే మిగిలింది. ఇందుమతి అందులోంచి అగరొత్తులు తీసేసి, చేత్తో పట్టుకుని నిలబడింది.

“ఇంక దీంతో పనేముందండీ? గవర్రాజుకి ఇచ్చెయ్యనా?” అంది.

ఇచ్చెయ్యమనే అనబోయాను. నోటి దాకా వచ్చింది.

“కట్టెయ్యవే, ఉండనీ,” అన్నాను. “కొత్త ఊరు. అక్కడి పైఅధికారి ఎలాంటివాడో ఏమిటో.”